గోడకు పనికిరాని మన్ను

మా నాయనమ్మ గోడలకు పూసే ఎర్రమన్ను మా చెలకలోంచే తెచ్చేది. బతుకమ్మ పండుగ ఇంకా వారం ఉందనగా గంప, పార పట్టుకుని, నన్ను వెంటేసుకుని బయల్దేరేది. చెలక నడిమిట్ల తవ్వేది కాదు. వాలు చివర, వాన నీళ్లు కోసుకుపోయి ఒర్రె పడ్డ చోట గట్టున నిలబడి పారతో గీరేది. అక్కడి మన్ను ముదురు ఎరుపు. రాయి రప్ప లేకుండా మెత్తగా ఉండేది. ఇంటికి తెచ్చి పాత కుండలో నానేసి, మరుసటి రోజు పాత చీరపేలికలో వడగట్టి, పైన తేరిన నీళ్లు వంచేసి, అడుగున మిగిలిన చిక్కటి పూతను గుడ్డతో గోడకు అద్దేది. అరుగుల మీద పేడ అలుకు, గోడ మీద ఎరుపు, రెండింటి నడుమ సున్నపు గీత. ఆ గీత మీద ఈతపుల్ల నమిలి చేసుకున్న కుంచెతో చుక్కలు, తీగలు, ఒక్కోసారి నెమలి. నెమలి ఆమెకు ఎప్పుడూ సరిగా రాలేదు. కాళ్లు మేకవి పెట్టేది.

ఊర్లో అందరి గోడల కంటే మా గోడే ఎర్రగా ఉండేదని ఆమెకు చాలా గర్వం. అడిగిన వాళ్లకు మన్ను ఇచ్చేది గానీ ఏ చోట తవ్విందో చెప్పేది కాదు.

మాది జహీరాబాద్ పక్కన చిన్న ఊరు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, అప్పుడు మెదక్. ఆ చెలక సర్కారు వాళ్లు ఎప్పుడో లావుణి పట్టా కింద మా తాతకు ఇచ్చిన రెండెకరాలు. దళితులకు ఇచ్చిన భూములు ఎట్లాంటివో తెలిసిన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఊరికి దూరం, ఏటవాలు, నిండా గులకరాళ్లు. మా దిక్కు నేల కింద చాలాచోట్ల ఎర్రటి లాటరైట్ రాయి ఉంటుంది. లక్షల ఏళ్ల వానలకు మిగతా ఖనిజాలు చాలావరకు కరిగి కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి గట్టిపడ్డ రాయి అది. ఆ ఇనుము తుప్పే ఎరుపు. దాని మీద జానెడు పైమన్ను నిలిస్తేనే జొన్న నిలుస్తుంది. మా చెలకలో ఆ జానెడు కూడా మిగల్లేదు. అంటే నాయనమ్మ అంత మురిపెంగా తవ్వుకొచ్చిన రంగు, పైమన్ను పోయి లోపలి ఎర్ర బయటపడ్డ చోటిది. గోడకు ఎంత మంచిదో పంటకు అంత పనికిరానిది. ఆ రోజుల్లో ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. చెలక సాగు లేక పడావు పడి ఉంది, అందరం కూలికి పోయేవాళ్లం. పనికిరాని నేల గోడకన్నా పనికొస్తుంది కదా అన్నంత వరకే.

మా అవ్వ, అంటే మా అమ్మ, సంఘంలో చేరింది నేను చిన్న తరగతుల్లో ఉండగా. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983లో మొదలైంది. మా దిక్కు వాళ్లకు ఆ పొడుగు పేరుతో పని లేదు, డీడీఎస్ అంటారు, ఎక్కువమంది ఉత్త 'సంఘం' అంటారు. ఊరూరికీ ఒక ఆడవాళ్ల సంఘం, అందులో ఎక్కువమంది మాలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. రాత్రి బువ్వలు తిన్నాక మీటింగు. అవ్వ నన్ను ఒళ్లో వేసుకుని కూర్చునేది, నేను ఆ మాటల మధ్య నిద్రపోయేదాన్ని. నాయనమ్మకు మాత్రం ఇదంతా నచ్చలేదు. "మీటింగులల్ల కూసుంటే కడుపు నిండుతదా" అని గొణిగేది.

అట్లాంటి మీటింగు ఒకటి పగటిపూట మా వాడ నడిమిట్ల జరిగింది. అది నాకు బాగా గుర్తు. ఎందుకంటే నేను మొదటిసారి బొమ్మ గీయడాన్ని అంత మంది పెద్దవాళ్లు సీరియస్‌గా తీసుకోవడం చూసింది అక్కడే. నేలంతా పేడనీళ్లు చల్లి, ముగ్గుపిండితో ఊరి పటం గీశారు. బాట, బాయి, గుడి, ఒక్కో ఇల్లు. పడావు భూములను సాగులోకి తెచ్చే పథకం కోసం అది. ఏ ఇంటి నేల పడావుంది, ఏ ఇంట్లో తిండికి కరువు, ఎవరి పిల్లలు వేరేవాళ్ల దగ్గర పాలేర్లుగా జీతం ఉంటున్నరు, వాళ్లే మాట్లాడుకుని ఇంటింటికీ రంగు గుర్తు పెట్టుకుంటూ పోయారు. కాగితం మీద సర్వే అయితే అబద్ధం చెప్పొచ్చు. అందరి ముందు నేల మీద గీసిన ఇంటికి తప్పు రంగు పెడితే పక్కనున్న అత్త ఊరుకోదు కదా. ఒకామె తన ఇంటి మీది గుర్తు చూసి "నేనంత బీదదాన్నా" అని అలిగి వెళ్లిపోయి, కాసేపటికి తిరిగొచ్చి కూర్చుంది.

1990ల నడుమ మొదలైన ఆ పథకం లెక్క ఇట్లా ఉండేది. పడావు ఎకరానికి కొంత పైకం విడతలుగా అప్పు ఇస్తారు. ఆ డబ్బుతో రాళ్లు ఏరాలి, గట్లు వేయాలి, పెంట తోలాలి, దున్నాలి, విత్తాలి. అప్పు తీర్చేది డబ్బుతో కాదు, జొన్నలతో, కొన్నేళ్లలో. ఆ జొన్నలు ఊర్లోనే గుమ్ముల్లో పోసి, వానాకాలం తిండి దొరకని నెలల్లో బీదవాళ్లకు తక్కువ ధరకు కొలిచేవాళ్లు. రేషన్ షాపులో జొన్నలు దొరకని కాలంలో మా తిండి గింజకు మా ఊర్లోనే రేషన్ నడిచిందన్నమాట. 30కి పైగా ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమి అట్లా సాగులోకి వచ్చింది. అందులో మా రెండెకరాలు కూడా ఉన్నాయి.

ఆ ఎండాకాలమంతా మా ఇల్లు చెలకలోనే ఉంది. రాళ్లు ఏరడం పిల్లల పని. ఏరిన రాళ్లను కుప్పపోయకుండా వాలుకు అడ్డంగా పేర్చాలి. దాని మీద మట్టి ఎత్తితే గట్టు. అవ్వ నడుము వంచి, కింద నుంచి పైకి కంటితోనే వాలు చూసుకుంటూ "ఆడ గాదు, జెర కిందికి" అనేది. ఒర్రెలో పెద్దరాళ్లు అడ్డం పెట్టారు, నీళ్లు ఆగి ఒండు నిలవడానికి. చెరువు ఎండిన చోట నల్లమట్టి తవ్వి బండ్ల మీద తోలారు. గొర్లమంద వాళ్లను బతిమాలి కొన్ని రాత్రులు చెలకలో మంద కూర్చోబెట్టించారు. వాళ్లకు జొన్నలు కొలిచి ఇవ్వాలి, అవి కూడా అప్పు జొన్నలే. గట్ల మీద గ్లిరిసిడియా, కానుగ కొమ్మలు నాటారు. ఆ ఆకు కోసి చెలకలో వేసి తొక్కేవాళ్లు. వీటికి ఇప్పుడు పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయి. రీజెనరేటివ్, అంటే నేలను మళ్లీ బతికించే సాగు అనేది అందులో తాజాది. అవ్వకు చెప్తే "గట్లనా" అంది అంతే.

మొదటేడు పంట చూసి నాయనమ్మ నవ్వింది. నిజంగానే నవ్వొచ్చేట్టుంది. మోకాలెత్తు జొన్న, దాని మధ్య మధ్య నిలబడలేక నిలబడ్డ కంది. అవ్వ మాత్రం ఒక్క పంట వేయలేదు. జొన్న సాళ్లు కొన్ని, తర్వాత కంది సాలు, పెసర, మినుము, బెబ్బెర, అనుము, నువ్వులు, కొర్ర, చుట్టూ పుంటికూర. సంఘంలో ఒక ఎకరంలోనే ఇరవై రకాలు వేసిన వాళ్లున్నారు. జొన్న వేరు పైపైన పరుచుకుంటుంది, కంది వేరు లోపలికి దిగి గట్టి నేలను చీలుస్తుంది. కంది ఆకు రాలి నేల మీద పరుపు పడుతుంది. పప్పుజాతి వేర్లు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. బడిలో సైన్స్ సారు ఈ చివరి ముక్క చెప్పిన రోజు, సాయంత్రం నేను పోయి ఒక బెబ్బెర మొక్క పీకి చూశాను. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు. గోరుతో చిదిమితే లోపల గులాబీ రంగు. నాయనమ్మకు చూపిస్తే "నెత్తురున్నదే దీనికి" అంది. ఆ మాట దాదాపు నిజమే. ఆ రంగునిచ్చే పదార్థం మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. బుడిపె గులాబీగా ఉందంటే లోపల బ్యాక్టీరియా పని చేస్తోందని లెక్క. పాలిపోయి ఉంటే లేదు. నేను ఆ పునాసంతా కనిపించిన మొక్కనల్లా పీకి చూసి అవ్వ చేత తిట్లు తిన్నాను.

నేల మారింది ఒక్క ఏడాదిలో కాదు, ఏ ఏడాది మారిందో చెప్పడం కూడా కష్టం. వాన పడితే ఇదివరకు పైన పెచ్చు కట్టి నీళ్లు జారిపోయేవి, ఇప్పుడు ఇంకుతున్నాయి. గెడ్డ చేత్తో నలిపితే రవ్వరవ్వగా విడిపోతోంది. వానపాము విసర్జించిన మట్టి కుప్పలు కనబడటం మొదలైంది. యాసంగిలో నీళ్లు కట్టకుండా, ఉత్త మంచుకే సెనగ, కుసుమ, అవిసె వచ్చాయి. మా దిక్కు వాటిని సత్యం పంటలంటారు.

కానీ మా ఇంట్లో ఈ మార్పును మొట్టమొదట పసిగట్టింది నాయనమ్మే, అదీ కోపంతో. ఒక బతుకమ్మకు మామూలుగా గంప పట్టుకుని పోయింది. ఒర్రె పూడిపోయి ఉంది. రాళ్ల కట్టల వెనక ఒండు నిలిచి, దాని మీద గడ్డి మొలిచింది. సరే అని గట్టు పక్కన తవ్వి మన్ను తెచ్చి నానేసింది. గోడకు పూస్తే ఎండాక ఎరుపు కాదు, మురికి గోధుమరంగు. అందులో కుళ్లిన ఆకు పీచులు. "నీ సంఘం పాడుగాను, నా గోడకు రంగు లేకుంట చేసినవ్" అని అవ్వను తిట్టింది. అవ్వ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. ఆ ఏడాది మేం జహీరాబాద్ అంగట్లో జాజు కొన్నాం. కొన్న జాజు రంగు నాయనమ్మకు చివరిదాకా నచ్చలేదు, "కోమటి రంగు" అనేది.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో, మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో రంగుల క్లాసులో కూర్చున్నప్పుడు ఆ తిట్టు గుర్తొచ్చింది. ట్యూబుల మీద పేర్లు: ఇండియన్ రెడ్, ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెనా. అన్నీ మన్నులే, అన్నింటిలో ఇనుమే. పసుపు మన్నును కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది, అదే బర్న్ట్ సియెనా. మాకు కాల్చే పని లేకుండానే దొరికేది. రంగుకు కావలసింది సేంద్రియం లేని శుభ్రమైన ఖనిజం. పంటకు కావలసింది సరిగ్గా ఆ శుభ్రత లేని మన్ను. మా అత్తాకోడళ్ల పోట్లాట మొత్తం ఇందులోనే ఉందని నాకు ఆ క్లాసులో తెలిసింది. పక్కవాళ్లకు చెబుదామనుకుని ఆగిపోయాను. అక్కడ మన్ను గురించి మాట్లాడటం గొప్పే గానీ, మన్ను మోసిన ఇంటి నుంచి వచ్చానని చెప్పుకోవడం అప్పట్లో నాకు అంత సులువుగా లేదు.

నా బొమ్మల మీద ఎవరి ప్రభావం ఉందని ఎవరైనా అడిగితే నేను సంఘం జరిపే పాత పంటల జాతర అంటాను. 2000 సంవత్సరం దరిదాపుల్లో మొదలైంది. సంక్రాంతికి ఎడ్లబండ్లు కదులుతాయి, దాదాపు నెల రోజులు ఊరూరూ తిరుగుతాయి. బండి అలంకరణ అంటే కాగితం పూలు, రంగుల జెండాలు కాదు. బండి గుంజలకు జొన్న కంకులు, సజ్జ కంకులు కడతారు. అంచుల వెంట కొర్ర గుత్తులు. బండిలో మట్టి చిప్పలు, పేడతో అలికిన బుట్టలు వరసగా పేర్చి, ఒక్కోదాంట్లో ఒక్కో విత్తనం పోస్తారు. పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రజొన్న. ఎర్ర కంది పక్కన తెల్ల కంది, దాని పక్కన నల్ల కంది. వెర్రినువ్వుల నలుపు, పెసర పచ్చ, కుసుమ తెలుపు, తెల్లటి మొన ఉన్న అనుములు. ముందు డప్పులు, పాటలు. ఊరి పొలిమేరలో ఆడవాళ్లు నీళ్లు పోసి బొట్టు పెట్టి ఎదుర్కొని తీసుకుపోతారు.

ఏ రంగు పక్కన ఏ రంగు అన్నది ఎవరు నిర్ణయిస్తారని ఒకసారి మా చిన్నమ్మను అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, "ఎవలింట్ల ఏది పండితె అది తెస్తరు బిడ్డా" అంది. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఆమె పేర్చేటప్పుడు నేను చూశాను, నల్ల మినుములు రెండు చోట్ల పక్కపక్కన పడితే తీసి దూరం పెట్టింది. పెట్టాక బండి చుట్టూ తిరిగి లెక్క చూసింది. "అయ్యో, సామలేవి?" అంది. ఆ ఏడాది సామలు ఎవరూ వేయలేదని తేలింది. పక్క ఊరి సంఘంలో ఉన్నాయని కబురు తెలిసి, అక్కడి నుంచి సోలెడు తెప్పించారు. మరుసటి పునాసకు అవే విత్తనమయ్యాయి. విత్తనం అప్పు తీసుకుంటే పంట వచ్చాక తీసుకున్నదానికి మించి కొలిచి తిరిగి ఇవ్వాలి, అది సంఘం పద్ధతి. అంటే బండి మీది ఆ అలంకరణ సంఘం ఖాతాపుస్తకం కూడా. ఖాళీ బుట్ట కనబడితే ఊర్లో ఒక పంట పోతోందని అర్థం. పంట పోతే నేలకు దాని వేరు, దాని ఆకు పోయినట్టే. నేను ఆర్ట్ కాలేజీలో నేర్చుకున్న కంపోజిషన్‌లో ఖాళీకి ఇంత బరువు ఎప్పుడూ లేదు.

గింజలు దాచే పని కూడా చూడముచ్చటగా ఉంటుంది. ఎండబెట్టిన విత్తనంలో బూడిద, ఎండు వేపాకు కలిపి, బుట్టలో పోసి, మూతి మీద పేడ, మట్టి కలిపి మెత్తి మూసేస్తారు. మా ఇంట్లో ఆ మూతల మీద నాయనమ్మ వేలితో గుర్తులు గీసేది, ఏ బుట్టలో ఏముందో తెలియడానికి. కందికి ఒకటి, పెసరకు ఒకటి. ఆమెకు చదువు రాదు, గుర్తులు మాత్రం తప్పేది కాదు. అవ్వతో సంఘం గురించి ఎంత కొట్లాడినా ఈ పని ఎవరికీ ఇవ్వలేదు.

సంఘం ఆడవాళ్లు కెమెరా పట్టుకున్నది కూడా నేను పెరుగుతున్న రోజుల్లోనే. డీడీఎస్‌ను మొదలుపెట్టిన వాళ్లలో ఒకరైన పి.వి. సతీష్ అంతకు ముందు దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి. వీడియో తీయడం చదువురాని ఆడవాళ్లకు ఎందుకు రాదు అన్న ధీమా బహుశా ఆ అనుభవం నుంచే వచ్చి ఉంటుంది. వాళ్లు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడి తీసిన సినిమాలు విదేశాల దాకా పోయాయి. షాట్లను వాళ్లు వాళ్ల బతుకులోంచే గుర్తుపెట్టుకున్నారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే అది పటేల్, అంటే ఊరి దొర, చూసే చూపు. కింద నుంచి పైకి చూస్తే బానిస చూపు. కళ్ల ఎత్తున సమానంగా పెడితే సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తున కూర్చుంటారు కదా. ఇది విన్నాక నాకు ఒక పీకులాట మొదలైంది. మరి నేలను ఏ షాట్‌లో తీయాలి? నిలబడి తీస్తే పటేల్ చూపే అవుతుంది. మా చిన్నమ్మ తోటివాళ్లు తీసినవి చూస్తే చాలాసార్లు కెమెరా సాల్లో, మోకాలి కంటే కిందే ఉంటుంది. గింజ పడే చేయి, పక్కన గెడ్డ, అంతే. నేను కూడా ఇప్పుడు నేల బొమ్మ వేసేటప్పుడు ఆ ఎత్తునే వేస్తాను. ఆకాశం దాదాపు ఉండదు.

2008లో మాచ్నూర్‌లో సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్‌ఎం మీద. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు నడిపేవాళ్లు. నేను అప్పటికే పట్నంలో ఉన్నాను, సెలవులకు వచ్చినప్పుడే వినడం. నాట్ల పాటలు, కలుపు పాటలు, ఏ పురుగుకు ఏ కషాయం, ఎవరింట్లో విత్తనం మిగిలింది. నాయనమ్మ పాట ఒకటి రికార్డు చేశారు. దాని తర్వాత ఆమె సంఘాన్ని తిట్టడం తగ్గింది.

పట్నంలో మట్టితో కళ చేస్తున్నామనే వాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తారు. ఏసీ గదిలో ఎర్రమట్టి కుప్ప పోసి, పైన లైటు వేసి, పక్కన పేజీడు ఇంగ్లిష్ రాసి పెడతారు. నాకు నచ్చదు. ఆ మట్టి ఎవరి చేలోది, ఎంత లోతున తవ్వారు, తవ్విన గుంత ఏమైంది అని అడిగితే జవాబుండదు. జానెడు పైమన్ను తయారు కావడానికి వందల నుంచి వేల ఏళ్లు పడుతుంది. మా అవ్వ ఆ కుప్ప చూస్తే ముందు ఎత్తి గంపలో వేసుకుంటుంది.

అయితే ఒక పని మాత్రం నన్ను పట్టేసింది. క్రొమటోగ్రఫీ. ఎరెన్‌ఫ్రీడ్ ఫైఫర్ అనే ఆయన గత శతాబ్దం నడుమ మట్టిని చూడటానికి వాడిన పద్ధతి. గుండ్రటి ఫిల్టర్ పేపర్ తీసుకుని నడిమిట్ల రంధ్రం చేసి, దాంట్లో కాగితపు వత్తి పెడతారు. ముందు ఆ వత్తి ద్వారా సిల్వర్ నైట్రేట్ ద్రావణం కాగితానికి ఎక్కిస్తారు. చీకట్లో ఆరబెడతారు, ఎందుకంటే వెండి లవణం వెలుతురుకు నల్లబడుతుంది. పాత ఫొటోలు కడిగే వాళ్లకు ఈ సంగతి తెలుసు. తర్వాత ఎండబెట్టి జల్లెడ పట్టిన మట్టిని పలచటి కాస్టిక్ సోడా నీళ్లలో కలిపి, తేరాక ఆ నీళ్లను అదే వత్తి ద్వారా పీల్పిస్తారు. కొన్ని రోజులు నీడ వెలుతురులో ఉంచితే కాగితం మీద వలయాలు పైకి తేలుతాయి. ప్రాణమున్న మట్టి అయితే నడిమిట్ల లేత రంగు, అక్కడి నుంచి అంచుదాకా సాగే గీతలు, ఒక వలయం ఇంకో వలయంలోకి మెల్లగా కలిసిపోవడం, అంచున మబ్బు చుక్కలు. చచ్చిన మట్టి అయితే నడుమ ముదురు బిళ్ల, వలయాలు దేనికది విడిగా, గీతలు ఉండవు. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు. సేంద్రియ కర్బనం ఎంత శాతమో దీంతో తేలదు. చూసి పోల్చుకోవడానికే. శాస్త్రవేత్తల్లో దీన్ని ఒప్పుకోని వాళ్లే ఎక్కువ. నేను కూడా బొమ్మగానే మొదలుపెట్టాను.

మా చెలక మన్ను, పక్క బాటవతల చెరుకు, తర్వాత పత్తి పండిస్తున్న చేను మన్ను, నాయనమ్మ పాత ఒర్రె అడుగున మిగిలిన ఎర్రమన్ను, మూడూ పెట్టాను. ఎర్రమన్ను కాగితం మీద దాదాపు ఏమీ రాలేదు, లేత గోధుమ మరక తప్ప. చెరుకు చేనుది మూడు గట్టి వలయాలు. మా చెలకది మాత్రం నడుమ నుంచి అంచుదాకా ఈనెలు ఈనెలుగా విచ్చుకుంది. అవ్వకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "జొన్నరొట్టె అంచులు మాడినట్టుంది" అంది. తర్వాత, "దీనికెంత ఖర్చయింది?" వెండి మందు ధర చెప్పాను. "నన్నడిగితె చేత్తో నలిపి జెప్తుంటి గద" అంది. అయినా ఆ కాగితం ఒకటి ఇంట్లో పెట్టుకుంది, గోడకు.

అనంతపురంలో నా కాలేజీ స్నేహితురాలు ఉంది. ఆంధ్రాలో సర్కారు నడిపే రైతు సాధికార సంస్థ వాళ్ల ప్రకృతి వ్యవసాయంలో ఆమె కుటుంబం చేరింది. వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లుతారని, విత్తనానికి మట్టి, బూడిద, ఆవు పేడ మూత్రంతో చేసే బీజామృతం పొరలు పొరలుగా పట్టించి గుళికలు చేస్తారని ఫొటోలు పంపింది. తొలకరికి ముందే, చుట్టూ అంతా ఎండిపోయి ఉంటే, వాళ్ల చేను ఒక్కటే పచ్చగా ఉంది. నేల ఏడాది పొడుగునా ఏదో ఒక పచ్చ కప్పుకుని ఉండాలన్నది వాళ్ల లెక్క. అవ్వకు ఫోన్లో చూపిస్తే ఆ గుళికల దగ్గర ఆగింది. రంగు రంగుల పొరలు ఆమెకు నచ్చాయి. కానీ "చీమలు ఎత్కపోవా?" అని అడిగింది. స్నేహితురాలిని అడిగాను. చీమలు రాకుండానే ఆ పూత అని చెప్పింది. మరుసటేడు అవ్వ ఒక గట్టు వెంట చేసి చూసింది.

2019లో డీడీఎస్‌కు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంటున్నప్పుడే, ఆ మార్చిలో సతీష్ గారు పోయారు. పస్తాపూర్‌కు వచ్చిన ఆడవాళ్లలో మా అవ్వ కూడా ఉంది. ఆరోజు ఏం జరిగిందో ఆమె నాకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. నాయనమ్మ అంతకు చాలా ముందే పోయింది.

ఇప్పుడు జాతరకు ఎడ్లబండ్లు దొరకడం కష్టంగా ఉంది. మా ఊర్లో ఎడ్లున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవ్వకు మోకాళ్ల నొప్పులు, వంగి కలుపు తీయలేదు. మా తమ్ముడు పత్తి వేద్దామంటాడు. వాడిని తప్పు పట్టలేను. వాడి పిల్లల ఫీజులు కొర్రలతో కట్టలేడు. రెండెకరాల్లో ఒక ఎకరం పత్తికి ఇమ్మని అవ్వను అడుగుతున్నాడు, కింది ఎకరం. అది ఒర్రె పూడిన చోటు, అన్నింటికంటే లోతు మన్నున్నది. "పైది అడుగు, ఇస్త. కిందిది ఇయ్య" అంటుంది ఆమె. పైది అడిగితే వాడికి లాభం లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మొన్నటి జాతరకు సంఘం వాళ్లు ఆ గుండ్రటి కాగితాలు తెమ్మన్నారు. ఊర్లోని కొన్ని చేల మన్ను తెచ్చి చేసి, బండి పక్కన తాడుకు వేలాడదీశాను. ఏది ఎవరి చేనో రాయలేదు, గొడవలెందుకని. రాయకపోవడం వల్లే గొడవైంది. "ఈ ఈనెలున్నది నాదే" అని ఒకామె, "నీది ఎట్లయితదే, నీ చేన్ల యూరియా సంచులు నేను జూడలేదా" అని ఇంకొకామె. బండి ముందు డప్పు ఆగిపోయింది. ఆ కాగితాల మీద వేళ్లు పెట్టి చూపించుకుంటూ పెంట ఎన్ని బండ్లు తోలిందీ, కంది ఎన్ని సాళ్లు వేసిందీ, మంద ఎప్పుడు కూర్చోబెట్టిందీ అన్నీ బయటికి తీశారు. మా తమ్ముడు కూడా గుంపులో నిలబడి విన్నాడు. ఒక ముదురు బిళ్ల కాగితం చూపించి ఇది పత్తి చేనేనా అని నన్ను మెల్లగా అడిగాడు. అవునన్నాను. మందు కొట్టిన పత్తా, కొట్టనిదా అన్నాడు. వచ్చేటప్పుడు వాడు ఆ కాగితాన్ని తాడు నుంచి విప్పి తీసుకుపోయాడు. కింది ఎకరం సంగతి ఇంకా తేలలేదు.